వీరుడి పక్కన నిలబడ్డవాళ్లు

(ఆచార్య కొత్తపల్లి జయశంకర్ స్మృతిలో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ఉపాధ్యాయుల సభలో చేసిన ఉపన్యాస పాఠం)



జయశంకర్ సారు పేరుతో ఒక జిల్లా ఉంది. ఒక వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. ప్రతి జూన్‌లో మనం ఇల్లిల్లూ తిరిగే బడిబాటకూ ఆయన పేరే పెట్టారు. అయినా మన ఎనిమిదో తరగతి పిల్లవాణ్ని లేపి జయశంకర్ ఎవరని అడిగితే 'తెలంగాణ సిద్ధాంతకర్త' అని ఒక్క మాట చెప్పి కూర్చుంటాడు. సిద్ధాంతకర్త అంటే ఏం చేస్తాడని అడిగితే మన మొహం వంక చూస్తాడు. తప్పు వాడిది కాదు. బిరుదు దాటి ముందుకు మనమే తీసుకుపోలేదు. అందుకే ఈ రోజు మహనీయుల్ని బడిలో ఎట్లా నేర్పుతున్నాం, ఎట్లా నేర్పితే పిల్లలకు పనికొస్తుంది అన్న విషయం మీద నాలుగు మాటలు చెప్పదలిచాను.

ముందు సారు సంగతే చూద్దాం. 1934 ఆగస్టు 6న అక్కంపేటలో పుట్టాడు. హనుమకొండ మర్కజీ పాఠశాలలో ఆరో తరగతి చదువుతున్నప్పుడు నిజాంను పొగిడే గీతం పాడమంటే కాదని వందేమాతరం అందుకున్నాడని ఆయన జీవితకథ రాసినవాళ్లంతా చెప్తారు. ఆ బడి చేస్తున్నది ఏమిటో గమనించండి. పిల్లల్ని వరసలో నిలబెట్టి, ఒక గొప్పవాడి పేరు చెప్పి, పొగడమంటున్నది. అంటే పిల్లలకు ఒక ఆదర్శ పురుషుణ్ని నేర్పుతున్నాననే అనుకుంటున్నది. ఆ పద్ధతికి ఎదురుతిరిగిన పిల్లవాడి పేరునే ఇప్పుడు మనం అదే పద్ధతిలో, అదే వరసలో నిలబెట్టి చెప్పిస్తున్నాం.

ఇంకో సంగతి. సారు ఆర్థికశాస్త్రం చెప్పిన మనిషి, కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా చేసిన మనిషి. స్థానికులకే కొలువులు కావాలన్న 1952 ముల్కీ ఆందోళన నాటి నుంచి 2011లో కన్నుమూసే దాకా తెలంగాణ ఉద్యమంలోనే ఉన్నాడు. కానీ పదవి కోసం ముందు వరసకు రాలేదు. ముందుకొచ్చిన ప్రతి తరం పక్కనా కూర్చుని నీళ్ల లెక్క, కొలువుల లెక్క, తెలంగాణకు హామీలిచ్చిన పెద్దమనుషుల ఒప్పందం, స్థానికేతర ఉద్యోగుల్ని వెనక్కి పంపాలన్న 610 జీవో విప్పి చెప్పాడు. ఆయన గొప్పతనం పక్కన నిలబడటంలో ఉంది. నా ఉపన్యాసానికి ఇదే ఆధారం. వీరుణ్ని ఒంటరిగా నేర్పితే పిల్లలు చూసి చప్పట్లు కొడతారు. వీరుడి పక్కన నిలబడ్డవాళ్లతో కలిపి నేర్పితే, రేపు తామెక్కడ నిలబడాలో ఆలోచిస్తారు.

మన క్యాలెండర్ మీకు తెలియనిది కాదు. జులై 4 దొడ్డి కొమరయ్య, జులై 22 దాశరథి, ఆగస్టు 6 జయశంకర్ సారు, ఆగస్టు 18 సర్వాయి పాపన్న, సెప్టెంబర్ 9 కాళోజీ, 26 ఐలమ్మ. బడి తెరిచిన దగ్గర్నుంచి బతుకమ్మ సెలవుల దాకా వారం తప్పితే వారం ఒక ఫొటో, ఒక దండ, రెండు కొబ్బరికాయలు. హెడ్మాస్టరు గారు రెండు ముక్కలు మాట్లాడతారు. ఒక ఫొటో తీసి మండలం గ్రూపులో పెడితే కార్యక్రమం అయిపోయినట్టే. మన నెత్తిన ఇన్ని పనులున్నప్పుడు ఇంతకంటే ఎక్కువ ఎట్లా అని మీరనొచ్చు. ఎక్కువ చేయమని నేననడం లేదు. ఏడాదికి పదిహేను మందికి దండలు వేసే బదులు, ముగ్గురి గురించి గట్టిగా చెప్పుకుందామంటున్నాను.

మొన్నామధ్య ఒక బడిలో ఐలమ్మ వేషం వేసుకున్న ఆరో తరగతి పాపను చూశాను. గోచి పెట్టి కట్టిన చీర, నెత్తికి కొంగు, చేతిలో కట్టె. పది వాక్యాలు తడుముకోకుండా చెప్పింది. కిందికి దిగినాక దగ్గరికి పిలిచి, "బిడ్డా, ఆ పంట కోసింది ఎవరు? ఐలమ్మ ఒక్కతేనా?" అని అడిగాను. ఒక క్షణం ఆలోచించి, "గది పేపర్ల లేదు సార్" అంది. నిజమే, పేపర్లో లేదు. పేపర్లో లేని ఆ సంగతే అసలు పాఠం.

ఆ పాఠం ఇట్లా ఉంటుంది. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ మల్లంపల్లి దొరల భూమి కౌలుకు తీసుకుని సాగుచేసింది. ఆ భూమి మీద, పంట మీద విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి కన్నుపడింది. పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట చరిత్రలో ఆ రోజు సంగతి రాశాడు. పంట కోసుకుపోవడానికి దేశ్‌ముఖ్ వంద మంది గూండాల్ని, కోతకు మరో వంద మంది ఆడామగా పనివాళ్లను పంపాడు. వాళ్లకు ఎదురు నిలిచింది ఊళ్లలో సంఘంగా పిలిచే ఆంధ్ర మహాసభ నాయకులు, వాలంటీర్లు 28 మంది, చేతిలో కర్రలతో. గూండాలు పరుగందుకున్నారు. పంట కోత పూర్తయి ఐలమ్మ ఇంటికి చేరింది. తర్వాత నాయకుల్ని పట్టుకుపోయి విసునూరులో చిత్రహింసలు పెట్టారు. ఐలమ్మ ఇల్లు తగలబెట్టారు. అయినా ఆ గింజలు దొర గడీకి పోలేదు.

దీని పక్కన ఇంకో కథ పెట్టండి. పాలకుర్తికి ఎంతో దూరం లేని కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే రైతు. భూమి తగాదాలో విసునూరు దేశ్‌ముఖ్ ఆయన సోదరుడి వైపు చేరి ఆయన్ని ముంచబోయాడు. బందగీ కర్ర పట్టలేదు, కోర్టుకు పోయాడు. ఏళ్ల తరబడి తిరిగాడు. తీర్పు తనవైపు తెచ్చుకున్నాడు. నిజాం కాలంలో ఒక సామాన్య రైతు దేశ్‌ముఖ్ మీద కోర్టులో గెలవడం చిన్న సంగతి కాదు. చివరికి ఆయన్ని దారికాచి చంపించారు. ఆ కథ కృష్ణా తీరం దాకా పాకి, సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన 'మాభూమి' నాటకంలోకి ఎక్కింది.

ఇద్దరికీ దేశ్‌ముఖ్ ఒక్కడే. ప్రాంతం ఒక్కటే. తగాదా భూమి మీదే. బందగీ కంటే ఐలమ్మకు ధైర్యం ఎక్కువా? ఎక్కువని ఎవరూ అనలేరు. మరి ఆయన ప్రాణం ఎందుకు పోయింది, ఆమె పంట ఎట్లా నిలిచింది? ఈ ప్రశ్నను ఏడో తరగతి బోర్డు మీద రాసి వదిలిపెట్టండి. పిల్లలే తేల్చేస్తారు. బందగీ చేతిలో తీర్పు కాగితం ఉంది, పక్కన మనుషులు లేరు. 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభ తర్వాత సంఘం ఊళ్లలోకి దిగింది. ఐలమ్మ నాటికి పొలం గట్టున నిలబడే 28 మంది తయారయ్యారు. ధైర్యం ఇద్దరిదీ సమానమే. మధ్యలో వచ్చింది సంఘం. ఈ పోలిక చేయకుండా ఐలమ్మ జయంతి ఎన్నిసార్లు జరిపినా, ధైర్యమున్నవాళ్లు గెలుస్తారు అన్న సగం నిజమే పిల్లలకు చేరుతుంది. తమకు అంత ధైర్యం లేదనుకున్న పిల్లలు ఆ కథలోంచి బయటికి వచ్చేస్తారు. మన తరగతిలో ఎక్కువ మంది అట్లాంటి పిల్లలే.

కడవెండి సంగతీ అంతే. 1946 జులై 4న ఊరి జనం ఊరేగింపుగా గడీ ముందు నుంచి పోతుంటే లోపలి నుంచి తుపాకులు పేలాయి. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆయన అన్న మల్లయ్యతో సహా మరికొందరికి గాయాలయ్యాయి. కొమరయ్య ఆ రోజు ఒక్కడే నడవలేదు. ఊరంతా నడిచింది. తూటా ఎవరికి తగులుతుందో తెలియకుండానే అందరూ నడిచారు. ఆ ఊరేగింపులో తమ తాతలెవరైనా ఉన్నారేమో ఇంట్లో అడిగి రమ్మనండి. దేవరుప్పుల, పాలకుర్తి మండలాల పిల్లలకు ఇది చరిత్ర పుస్తకం కంటే ముందు ఇంటి ముచ్చట.

ఐలమ్మ మాటల్లోనే ఆమె కథ వినే అవకాశం కూడా మనకుంది. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ పోరాటంలో ఉన్న ఆడవాళ్లు తమ కథ తామే చెప్పుకున్నారు. అందులో ఆమె కూడా ఉంది. విగ్రహం మాట్లాడదు. ఆ పుస్తకంలో మనిషి మాట్లాడుతుంది. కష్టం చెప్తుంది, కోపం చెప్తుంది. పై తరగతి పిల్లలకు తగిన భాగాలు మనం ఏరి చదివి వినిపించవచ్చు.

ఇక కాస్త ఇబ్బంది పెట్టే వీరుడి దగ్గరికి వద్దాం. రఘునాథపల్లి మండలం ఖిలాషాపూర్ కోట మీరంతా చూసినదే. సర్వాయి పాపన్న అక్కణ్నుంచే మొగలుల పాలన చివరి రోజుల్లో ఈ నేలను గడగడలాడించాడు. కల్లుగీత కులంలో పుట్టి, అన్ని కులాల వాళ్లనూ వెంటబెట్టుకుని కోటలు కట్టాడు. 1708లో వరంగల్ మీద పడ్డాడు. 1710లో ఆయన్ని పట్టుకుని చంపారు. మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాన్ ఆయన్ని దోపిడీదొంగ అని రాశాడు. మన జనం పాట కట్టి వీరుణ్ని చేసుకున్నారు. ఆ పాటను బాయిల్ అనే ఆంగ్లేయుడు 19వ శతాబ్దిలో సేకరించి అచ్చువేశాడు. రిచర్డ్ ఈటన్ దక్కన్ చరిత్రను ఎనిమిది జీవితాల ద్వారా చెప్తూ 2005లో తెచ్చిన పుస్తకంలో ఒక రాజు, ఒక రాణి, సేనానుల సరసన ఒక అధ్యాయం పాపన్నకు ఇచ్చాడు.

వరంగల్ దాడిలో పాపన్న మనుషులు ధనికుల ఇళ్ల ఆడవాళ్లను, పిల్లలను కూడా పట్టుకుపోయారని ఖాఫీఖాన్ రాశాడు. ఈ మాట తరగతిలో చెప్పాలా వద్దా? చెప్పాలనే నేనంటాను. రాసినవాడు ఎవరి కొలువులో ఉన్నాడో కూడా కలిపి చెప్పాలి. పాట ఎవరు పాడారో కూడా చెప్పాలి. దర్బారు కలం ఒక పాపన్నను చూపింది, గీత కార్మికుడి గొంతు ఇంకో పాపన్నను చూపింది. రెండూ విని తేల్చుకునే పని పిల్లలకు వదిలేద్దాం. మచ్చ లేని మనిషిగా చెప్పిన వీరుడు, పదో తరగతి దాటాక ఏదో ఒక వీడియోలో మచ్చతో కనిపిస్తాడు. అప్పుడు పిల్లవాడు వీరుణ్ని మాత్రమే వదిలేయడు, చెప్పిన పంతుల్ని కూడా నమ్మడం మానేస్తాడు.

మచ్చలు, కష్టాలు చెప్తే పిల్లల్లో గౌరవం తగ్గుతుందని కొందరి భయం. 2016లో న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన లిన్-సీగ్లర్ బృందం 402 మంది తొమ్మిది, పది తరగతుల పిల్లల మీద ఒక అధ్యయనం అచ్చువేసింది. కొందరికి ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ, ఫారడేల విజయాలు మాత్రమే చదవడానికిచ్చారు. కొందరికి వాళ్లు చదువులో, బతుకులో పడ్డ తిప్పలు ఇచ్చారు. తిప్పలు చదివిన పిల్లలకు సైన్సులో మార్కులు మెరుగుపడ్డాయి. విజయాలే చదివినవాళ్లకు పడలేదు. వెనకబడిన పిల్లల్లో ఈ తేడా మరీ కనిపించింది. వాళ్లూ మనలాగే కిందామీదా పడ్డారు అని తెలిసినప్పుడు పిల్లవాడికి దారి కనిపిస్తుంది. పుట్టుకతోనే మహానుభావులని చెప్తే దండం పెట్టి ఊరుకుంటాడు.

ఇప్పుడు మనం గుసగుసగా మాట్లాడుకునే సంగతి ఒకటి బాహాటంగా చెప్తాను. మన వీరులు కులాల వారీగా పంపకమైపోయారు. కొమరయ్య కురుమలకు, ఐలమ్మ రజకులకు, పాపన్న గౌడులకు, తెలంగాణ పోరాటంలో ఉన్న ఠాణూ నాయక్ లంబాడాలకు, బందగీ ముస్లింలకు. ఎవరి జయంతి వాళ్ల సంఘం చేసుకుంటుంది, ఎవరి విగ్రహం వాళ్ల చౌరస్తాలో లేస్తుంది. ఇందులో న్యాయం లేకపోలేదు. పుస్తకాలు ఇన్నేళ్లు పట్టించుకోని మనుషుల్ని వాళ్ల కులమే గుర్తుపెట్టుకుని కాపాడింది. కానీ బడి ఆ పంపకాన్ని మోసుకురాకూడదు. ఈ అయిదు కులాల, మతాల పిల్లలూ పక్కపక్కన కూర్చునే చోటు ఊళ్లో బడి బెంచీ ఒక్కటే. ఐలమ్మ వేషం రజకుల పాపకే, కొమరయ్య వేషం కురుమ పిల్లవాడికే ఇచ్చామంటే ఆ పోరాటాన్ని మనమే మళ్లీ ముక్కలు చేసినట్టు. ఐలమ్మ పొలం గట్టున నిలబడ్డవాళ్లలో భీమిరెడ్డి నర్సింహారెడ్డి ఉన్నాడు, చకిలం యాదగిరిరావు ఉన్నాడు, నల్లా నర్సింహులు ఉన్నాడు. ఆ ముగ్గురి పేర్లు చదివితే చాలు, కులం గోడ ఎక్కడ కూలిందో పిల్లలకు తెలుస్తుంది.

బయటి వీరులు వద్దని కూడా నేననడం లేదు. కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు 1906లో హైదరాబాద్‌లో పెట్టిన విజ్ఞాన చంద్రికా మండలి తెచ్చిన మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. బానిసత్వం మీద కలబడ్డ మనిషి కథను, వెట్టి నడుస్తున్న కాలంలో తెలుగువాళ్ల చేతికిచ్చారు. దూరపు వీరుడు దగ్గరి బాధకు అద్దం పట్టినప్పుడే పిల్లలకు అందుతాడు. లేకపోతే లింకన్ కూడా బడిలో వేసే మరో వేషమే.

పోరాటం జరిగిన జనగామకు వీరులున్నారు సరే, మా మహబూబాబాద్‌కు, మా భూపాలపల్లికి ఎవరున్నారని మిత్రులు అడుగుతుంటారు. మహబూబాబాద్ వాళ్లు బయ్యారం చెరువు కట్ట ఎక్కండి. 13వ శతాబ్దిలో గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించిన చెరువు అది. ఆమె వేయించిన శాసనంలో దాని పేరు ధర్మకీర్తి సముద్రం. కాకతీయుల పూర్వీకుల వరస తెలుసుకోవడానికి చరిత్రకారులు ఇప్పటికీ పట్టుకునే ఆధారాల్లో ఆ శాసనం ఒకటి. కత్తి పట్టని ఆడమనిషి, నీళ్లు నిలిపిన ఆడమనిషి. పిల్లల్ని కట్ట మీద నిలబెట్టి, ఇన్ని తట్టల మట్టి మోసింది ఎవరై ఉంటారని అడగండి. శాసనంలో వాళ్ల పేర్లుండవు. పేరు చెక్కించుకున్న మైలాంబకూ, పేరు లేకుండా మోసినవాళ్లకూ కలిపి మొక్కడం అక్కడ నేర్పవచ్చు.

అదే జిల్లా చిన్నగూడూరులో పుట్టిన దాశరథి కృష్ణమాచార్య నిజామాబాద్ జైల్లో ఉన్నప్పుడు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశాడు. ఆ జైల్లో ఆయనకు తోడుగా వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నాడు. ఊరూరా తిరిగి పుస్తకాలమ్మి, దేశోద్ధారక గ్రంథమాల నడిపిన మనిషి. దాశరథి తన 'అగ్నిధార'ను ఆయనకే అంకితమిచ్చాడు. దాశరథి జయంతి నాడు ఆళ్వారుస్వామి పేరు ఎత్తకపోతే సగమే చెప్పినట్టు.

భూపాలపల్లి పిల్లలకైతే చరిత్రలోకి పోవాల్సిన పని కూడా లేదు. కేటీకే బొగ్గు గనుల్లో పనిచేసే తండ్రుల పిల్లలు మీ తరగతిలోనే ఉన్నారు. బొగ్గుబాయిలో షిఫ్టు మొదలుకాకముందు మైనింగ్ సర్దార్ పనిచోటికి వెళ్తాడు. గాలి ఆడుతున్నదా, గ్యాస్ ఉందా చూస్తాడు. కర్రతో రూఫ్ మీద కొట్టి చెవి పెడతాడు. ఖణేల్‌మంటే గట్టి, బోలుగా మోగితే ప్రమాదం. బాగుందని ఆయన తేల్చినాకే మిగతావాళ్లు అడుగు పెడతారు. ఎవరూ దండ వేయరు, ఫొటో తీయరు. ఎంత తొందర పెట్టినా 'ఇప్పుడే వద్దు' అనగలగడం ఆయన వీరత్వం. అట్లాంటి ఒక సర్దార్‌ను ఒక పూట బడికి పిలిచి, ఏ రోజైనా పని ఆపించిన సందర్భం ఉంటే చెప్పమని అడగండి.

మనం రోజూ అసెంబ్లీలో ప్రతిజ్ఞ చెప్పిస్తాం. దాన్ని 1962లో రాసింది నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉద్యోగం చేసుకుంటూ రాశాడు. దేశమంతా కోట్ల మంది పిల్లలు ఆయన మాటలు చెప్తారు, ఆయన పేరు చెప్పరు. ఈ రోజు నుంచి ఒక్క పని చేయండి. ప్రతిజ్ఞ తర్వాత ఆయన పేరు, ఊరు చెప్పించండి. అర నిమిషం పడుతుంది.

చివరిగా ఒక పని అప్పగిస్తాను. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే సురవరం ప్రతాపరెడ్డి వాదనకు దిగలేదు. ఊళ్లకు కబురంపి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చాడు. మన బడులకు కూడా అదే దారి. బడికొక పెద్ద రిజిస్టరు పెట్టండి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు నాలుగు ప్రశ్నలిచ్చి ఊళ్లోకి పంపండి. మన ఊళ్లో ఎవరు ఎవరి కోసం నిలబడ్డారు? అప్పుడు వాళ్లకు పోయేదేమిటి? పక్కన ఎవరున్నారు? ఆ పని వల్ల నష్టపోయింది ఎవరు? వచ్చిన జవాబులు చెప్పినవాళ్ల మాటల్లోనే రాయించండి. భాష దిద్దకండి. వరదలో పశువుల్ని ఒడ్డుకు చేర్చినవాళ్లుంటారు, చిన్నప్పటి పెళ్లి ఆపించిన అంగన్‌వాడీ టీచరు ఉంటుంది, కరోనాలో ఎవరూ ముట్టని శవాన్ని మోసిన నలుగురు ఉంటారు. ఆ నలుగురి పేర్లూ రాయించండి, ముందు నడిచినవాడి పేరు ఒక్కటే వద్దు.

నిర్వాహకులకు ఒక మనవి. వచ్చే ఏడాది ఈ స్మారకోపన్యాసానికి నాలాంటి వాణ్ని పిలవకండి. మూడు జిల్లాల నుంచి ముగ్గురు పిల్లల్ని పిలిచి, తమ రిజిస్టర్లలోంచి తలా ఇరవై నిమిషాలు చదవమనండి. చదివినాక సభలోవాళ్లు ప్రశ్నలు అడగాలి, పిల్లలు జవాబు చెప్పాలి. జవాబు తెలియకపోతే మళ్లీ ఊళ్లోకి పోయి కనుక్కురావాలి. ఆధారాలు చూపి ఒప్పించిన సారుకు అంతకంటే తగిన నివాళి నాకు తోచడం లేదు.